కోతయంత్రం కథ: కొత్తదనం ఎవరికి, కోత ఎవరికి?

2025 అక్టోబరులో ఆర్థికశాస్త్రానికిచ్చే నోబెల్ బహుమతిని ముగ్గురికి పంచారు. సగం జోయెల్ మొకిర్‌కు, మిగతా సగం ఫిలిప్ అగియోన్, పీటర్ హోవిట్‌లకు. పెట్టుబడిదారీ దేశాల సంపద రెండు వందల ఏళ్లుగా ఆగకుండా ఎలా పెరుగుతూ వచ్చిందన్నది వీళ్లు పరిశోధించిన విషయం. కొత్త యంత్రాలూ, కొత్త పద్ధతులూ, కొత్త సరుకులూ పాతవాటిని తోసిపారేస్తూ రావడమే ఆ పెరుగుదలకు మూలమని వీళ్ల సిద్ధాంతం. దానికి ‘సృజనాత్మక విధ్వంసం’ అని పేరు. 1942లో ఈ మాటకు ప్రచారం తెచ్చినవాడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన షుంపీటర్ అనే ఆర్థికవేత్త.

మా వ్యవసాయ కూలీల క్లాసుల్లో ఈ సంగతి చెప్పినప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఒకటే. సృజన ఎవరిదండీ, విధ్వంసం ఎవరికండీ?

ప్రశ్న సూటిగానే ఉంది. కానీ దీనికి తొందరపడి జవాబు చెప్పకూడదు. పెట్టుబడిదారీ విధానం ఉత్పత్తి శక్తులను ఎన్నడూ లేనంతగా పెంచిందని అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా చెప్పినవాళ్లు మార్క్స్, ఎంగెల్స్‌లే. 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళికలో ఆ మాట ఉంది. పని సాధనాలను ఎప్పటికప్పుడు మార్చుకోకుండా పెట్టుబడిదారుడు బతకలేడని వాళ్లు అప్పుడే గుర్తించారు. షుంపీటర్ కూడా మార్క్స్‌ను శ్రద్ధగా చదివినవాడే. కాబట్టి యంత్రం అనగానే తిట్టిపోసి ఊరుకుంటే మనకేమీ బోధపడదు. ఒక యంత్రాన్ని పట్టుకుని, అది పుట్టిన చోటు నుంచి మన చేను దాకా దాని వెంట నడవాలి. మేము కోతయంత్రాన్ని ఎంచుకున్నాము. మన చేతుల్లోంచి కొడవలిని లాక్కున్నది అదే కాబట్టి.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో మెకార్మిక్ అనే రైతు కుటుంబం ఉండేది. వాళ్లకు సొంత భూమీ, సొంత కమ్మరి కొలిమీ, సొంత బానిసలూ ఉండేవారు. తండ్రి రాబర్ట్ గోధుమ కోసే యంత్రం చేయాలని ఏళ్ల తరబడి తంటాలు పడి వదిలేశాడు. కొడుకు సైరస్ 1831 వేసవిలో గుర్రాలు లాగే యంత్రంతో చేను కోసి చూపించాడు. 1834లో పేటెంటు పుచ్చుకున్నాడు. అంతకుముందు ఏడాదే, 1833 డిసెంబరులో, ఓబెద్ హసీ అనే ఇంకొకతను తన కోతయంత్రానికి పేటెంటు తీసుకుని ఉన్నాడు. పాఠ్యపుస్తకాల్లో మాత్రం మెకార్మిక్ పేరే నిలిచింది. ఆ కొలిమిలో మెకార్మిక్ పక్కన నిలబడి పనిచేసినవాడు జో ఆండర్సన్ అనే నల్లజాతి బానిస. యంత్రం తయారీలో అతని చేయి ఉందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. కానీ బానిసకు పేటెంటు ఎక్కడిది? బానిస కనిపెట్టినదానికి పేటెంటు ఇవ్వడానికి వీల్లేదని 1858లో అమెరికా ప్రభుత్వ అటార్నీ జనరల్ తేల్చి చెప్పాడు కూడా.

యంత్రం తయారైనంత మాత్రాన లోకం మారిపోలేదు. పదేళ్లపాటు దాన్ని కొన్న నాథుడు లేడు. 1842లో ఏడు యంత్రాలు, 1843లో 29, 1844లో 50 అమ్ముడుపోయాయి. వర్జీనియా గుట్టల్లో చిన్న చిన్న చేలు. అక్కడ అది పనికొచ్చేది కాదు. గోధుమ సాగు పడమటి మైదానాలకు జరుగుతోందని మెకార్మిక్ పసిగట్టాడు. ఆ నేల ఆదివాసులను తరిమేసి స్వాధీనం చేసుకున్నది. అక్కడ భూమి విస్తారం, కూలీలు తక్కువ. 1847లో అతను షికాగో చేరి కార్ఖానా పెట్టాడు. 1848లో పేటెంటు గడువు పొడిగించమని అడిగితే ప్రభుత్వం కాదంది. దాంతో పదుల కొద్దీ కంపెనీలు అదే యంత్రాన్ని తయారుచేయడం మొదలుపెట్టాయి.

మరి అందరిలో అతనే ఎట్లా నెగ్గాడు? షుంపీటర్ చెప్పిన ఒక తేడా ఇక్కడ మనకు పనికొస్తుంది. కనిపెట్టేవాడు వేరు, దాన్ని వ్యాపారంలో పెట్టి లాభం తీసేవాడు వేరు అన్నాడాయన. మెకార్మిక్ గొప్పతనం, దాన్ని గొప్పతనం అనదలుచుకుంటే, అమ్మకంలో ఉంది. యంత్రానికి ఖాయం ధర పెట్టాడు. గంటకు ఎకరమున్నర కోస్తుందని అచ్చు వేయించిన హామీ కాగితం ఇచ్చాడు. ఊరూరా ఏజెంట్లను పెట్టాడు. విడిభాగాలు వాళ్ల దగ్గరే దొరికేవి. ప్రత్యర్థి యంత్రంతో పక్కపక్కనే చేలో పోటీ పెట్టించి, ఆ ఫలితాన్ని పత్రికల్లో వేయించేవాడు. అన్నిటికీ మించి, అప్పుకు అమ్మాడు. 1850లలో యంత్రం ధర సుమారు 120 డాలర్లు. నాలుగో వంతు ముందు కట్టి తోలుకుపోవచ్చు. మిగిలింది పంట అమ్ముకున్నాక, ఆరు శాతం వడ్డీతో.

మన వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పురుగుమందుల దుకాణం ఖాతా పుస్తకం చూసిన ప్రతివాడికీ తెలుసు. ఒక తేడా ఉందని న్యాయంగా ఒప్పుకోవాలి. మెకార్మిక్ బాకీల కోసం చప్పున కోర్టుకెక్కేవాడు కాదట. పంట పోయిన ఏడు గడువు ఇచ్చేవాడు. రైతు బతికుంటేనే కదా మళ్లీ యంత్రం కొనేది!

యంత్రం చేసిన పని చిన్నది కాదు. కొడవలితో ఒక మనిషి రోజంతా వంగితే అర ఎకరం, ముప్పాతిక ఎకరం గోధుమ కోస్తాడు. పెద్ద కత్తికి చట్రం బిగించిన కోతకత్తితో గట్టివాడు రెండెకరాలు కోసేవాడు. మెకార్మిక్ యంత్రం రోజుకు పదెకరాలకు పైగా కోసేది. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం 1830లో వంద బుషెళ్ల గోధుమ, అంటే దాదాపు 27 క్వింటాళ్లు, పండించడానికి 250 నుంచి 300 గంటల మనిషి శ్రమ పట్టేది. 1890 నాటికి 40, 50 గంటలు చాలాయి. దుక్కి యంత్రం, విత్తే యంత్రం, నూర్పిడి యంత్రం అన్నీ కలిసి చేసిన పని ఇది. ఆర్థికవేత్తలు ‘పెరుగుదల’ అనేది దీన్నే. ఈ పెరుగుదల నిజం. ఆ గోధుమ తిన్న జనం నిజం.

ఇప్పుడు ఆ మిగిలిన రెండు వందల గంటలు ఎక్కడికి పోయాయో చూద్దాం.

మొదట యంత్రం కొన్న రైతుకు లాభం వచ్చింది. పక్కవాళ్లు పాత ఖర్చుతో పండిస్తుంటే తను తక్కువ ఖర్చుతో పండించి అదే ధరకు అమ్ముకున్నాడు. ఇది చూసి అందరూ కొన్నారు. సరుకు మార్కెట్టును ముంచెత్తింది, ధర పడింది. 1880ల ఆరంభంలో బుషెల్ డాలరు దాటి పలికిన గోధుమ 1894 నాటికి అర డాలరుకు దిగింది. యంత్రం అప్పు, భూమి అప్పు మాత్రం దిగలేదు. మొదటి రైతు అనుభవించిన అదనపు లాభం ఆవిరైపోయింది. కానీ యంత్రం లేకుండా సాగు చేయడం ఇక ఎవరికీ కుదరదు. గానుగెద్దు ఎంత వేగంగా తిరిగినా గానుగ దాటిపోదు గదా, అట్లా అయింది. నష్టపోయిన రైతులు సంఘాలు కట్టారు. 1892లో పీపుల్స్ పార్టీ అని సొంత పార్టీ కూడా పెట్టుకుని, రైళ్లు ప్రజల చేతికి రావాలని కోరారు. మార్క్స్ చెప్పిన అదనపు లాభం సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. ముందు పరుగెత్తినవాడికి కాసేపు దక్కేది, ఆ తర్వాత అందరినీ పరుగెత్తించేది.

చేలో ఈ కథ నడుస్తుండగా, యంత్రం తయారయ్యే కార్ఖానాలో ఇంకో కథ నడిచింది. మేడే జెండా ఎగరేసే ప్రతివాడికీ దీనితో బంధుత్వం ఉంది.

సైరస్ మెకార్మిక్ 1884లో చనిపోయాడు. అదే పేరుగల కొడుకు కంపెనీ చేతికి తీసుకున్నాడు. కంపెనీ లాభాల్లో ఉంది. అయినా ఆ చలికాలంలో పోత పనివాళ్ల కూలిలో 15 శాతం కోశాడు. ఈ పోత పనివాళ్లను మోల్డర్లు అంటారు. ఇసుకలో అచ్చు తయారుచేసి, కరిగిన ఇనుము పోసి, యంత్ర భాగాలు తీయడం వాళ్ల పని. ఏళ్ల తరబడి నేర్చుకుంటే గాని రాని పని అది. వాళ్లు లేకపోతే కార్ఖానాలో ఒక్క యంత్రమూ బయటికి రాదు. వాళ్లకు బలమైన యూనియన్ ఉంది. 1885 వసంతంలో సమ్మె చేశారు. కంపెనీ పింకర్టన్ ఏజెన్సీ కిరాయి కాపలాదార్లను దించింది, చివరికి దిగొచ్చి కోత ఉపసంహరించుకుంది. కార్మికులు గెలిచారు.

అప్పుడు చిన్న మెకార్మిక్ ఏం చేశాడు? కొత్త ఆవిష్కరణను ఆశ్రయించాడు. గాలి ఒత్తిడితో అచ్చులు తయారుచేసే కొత్త యంత్రాలు తెప్పించాడు. ఖర్చు సుమారు ఐదు లక్షల డాలర్లని అంచనా. ఈ యంత్రాలను నడపడానికి చేయి తిరిగిన మోల్డర్ అక్కర్లేదు, బజారులో దొరికిన మనిషి చాలు. యూనియన్ మోల్డర్లు బయటికి పోయారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ యంత్రాలు తీసిన పోతలు నాసిగా ఉండేవి. ఖర్చు తగ్గకపోగా పెరిగింది. మూడేళ్లు వాడాక వాటిని పక్కన పడేశారు. కంపెనీ చరిత్ర తవ్వితీసిన పరిశోధకులు రాసిన సంగతి ఇది. ఈలోగా యూనియన్ నాశనమైంది. అంటే ఆ యంత్రం ఇనుప పోతలో ఓడి, యూనియన్‌ను తీసేయడంలో గెలిచింది. సమ్మెలకు విరుగుడుగా యంత్రాలు పుట్టుకొస్తాయని మార్క్స్ 1867లోనే రాశాడు. కొత్త యంత్రం వచ్చిందంటే అది చవకగా, బాగా చేస్తుంది కాబట్టే వచ్చిందని మనకు చెబుతారు. చాలాసార్లు అది నిజమే. షికాగోలో మాత్రం అది అబద్ధం. కాబట్టి ప్రతిసారీ లెక్క అడగాలి.

తర్వాత జరిగింది మీకు తెలుసు. 1886 ఫిబ్రవరిలో కంపెనీ లాకౌట్ ప్రకటించి, కొద్ది రోజులకే పోలీసు కాపలాలో బయటి మనుషులతో కార్ఖానా తెరిచింది. మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం దేశవ్యాప్త సమ్మె మొదలైంది. మే 3న కార్ఖానా దగ్గర్లో కలప కార్మికుల సభలో ఆగస్ట్ స్పైస్ మాట్లాడుతుండగా మెకార్మిక్ గంట మోగింది. బయటికొస్తున్న సమ్మె ద్రోహుల మీదికి జనం కొంతమంది పోయారు. పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు ప్రాణాలు విడిచారు. దాన్ని ఖండిస్తూ మర్నాడు హేమార్కెట్‌లో సభ, బాంబు, ఉరితాళ్లు. 1887 నవంబరు 11న స్పైస్, పార్సన్స్, ఫిషర్, ఎంగెల్ ఉరికంబమెక్కారు. 1889లో పారిస్‌లో కూడిన అంతర్జాతీయ మహాసభ మే 1ని కార్మిక దినంగా పాటించాలని నిర్ణయించింది. మేడే నెత్తుటి మరక పడ్డది కోతయంత్రం కార్ఖానా గుమ్మంలోనేనన్న సంగతి వ్యవసాయ కూలీలకైనా మనం చెప్పుకోవాలి. పట్నం పండుగ అనుకునేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు.

ఇంకొక దారం ఉంది, నిజంగా దారమే. కోసిన పైరును పనలుగా కట్టే పని చాలాకాలం మనుషుల చేతిలోనే ఉండేది. 1880లలో ఆ పని కూడా యంత్రానికే అప్పగించారు. ముడి వేయడానికి దానికి పురికొస కావాలి. ఆ నార మెక్సికోలోని యుకటాన్ ప్రాంతం నుంచి వచ్చేది. మన పొలం గట్ల మీద పెరిగే కిత్తనార జాతిదే ఆ మొక్క. అక్కడ మాయా జాతి ప్రజలను అప్పులతో భూస్వాముల ఎస్టేట్లకు కట్టేసి, ఆ ముళ్ల ఆకులు కోయించేవారు. తండ్రి అప్పు కొడుక్కి వచ్చేది. మన పాలేరుతనం, వెట్టి గుర్తుకొస్తాయి. 1902లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ, యుకటాన్ గవర్నరూ వ్యాపారీ అయిన ఒలెగారియో మోలినాతో రహస్య ఒప్పందం చేసుకుంది, నార ధర దించేటట్లు. షికాగోలో అత్యాధునిక యంత్రం, దాని ముడికి యుకటాన్‌లో కొరడా దెబ్బలు. మెక్సికో విప్లవం తర్వాత, 1914, 1915 సంవత్సరాల్లోగాని ఆ అప్పు బానిసత్వం రద్దు కాలేదు. నోబెల్ బహుమతి లెక్కల్లో ఈ కొరడాకు ఏ గడి కేటాయించారో మాకు కనిపించలేదు.

ఆ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఎవరంటారా? అదే మెకార్మిక్. పోటీలో అలిసిపోయిన మెకార్మిక్, డీరింగ్ కంపెనీలనూ, మరో మూడు చిన్నవాటినీ కలిపి 1902లో మోర్గాన్ బ్యాంకు కట్టిన ట్రస్టు అది. మూలధనం 12 కోట్ల డాలర్లు. కోతయంత్రాల మార్కెట్టులో అత్యధిక భాగం దాని చేతిలో పడింది. పోటీ నుంచి కొత్తదనం పుడుతుందని చెప్పే కథకు ముగింపు ఇట్లా గుత్తాధిపత్యంలో తేలింది. మన దేశానికి అది 1963లో వచ్చింది. మహీంద్రాతో, వోల్టాస్‌తో కలిసి బొంబాయిలో ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది. 1979 నవంబరు నుంచి 1980 ఏప్రిల్ దాకా అమెరికాలో దాని కార్మికులు సుదీర్ఘ సమ్మె చేశారు. అప్పుల్లో కూరుకుపోయి 1985లో వ్యవసాయ యంత్రాల విభాగాన్ని అమ్ముకుంది. ఒకప్పుడు ఊళ్లను మింగినదాన్ని ఇంకొకడు మింగాడు.

ఇక మన చేల సంగతి. వరికోత మిషను మన జిల్లాల్లోకి వచ్చాక కోత, పనకట్టు, కుప్ప, నూర్పిడి అన్నీ కొన్ని గంటల్లో ముగిసిపోతున్నాయి. ఒకప్పుడు ఆ కోతలే ఆడకూలీల ముఠాలకు నెల రోజుల పని. ఇంటికి తిండిగింజలు ఆ కోత కూలి నుంచే వచ్చేవి. చేలో పరిగె ఏరుకునే ముసలమ్మలకు కూడా పిడికెడు దక్కేది. అదంతా పోయింది.

మిషన్లను ఊళ్లోకి రానివ్వొద్దని మా సంఘంలో కొందరు గట్టిగా వాదిస్తారు. 1830లో ఇంగ్లండు దక్షిణ జిల్లాల కూలీలు అదే చేశారు. రాత్రిళ్లు నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. 19 మందిని ఉరితీశారు, దాదాపు 500 మందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు పంపారు. ఆ తిరుగుబాటు వృథా పోయిందని మాత్రం అనలేము. చాలాచోట్ల నూర్పిడి యంత్రాలు మళ్లీ రావడానికి ఏళ్లు పట్టింది. కానీ మన ఊళ్లో మిషను పిలిచేది మోతుబరి ఒక్కడే కాదు. రెండెకరాలు కౌలుకు చేసే మన కులంవాడు, మన చుట్టం కూడా పిలుస్తున్నాడు. తుపాను హెచ్చరిక వస్తే పండిన చేను రెండు రోజుల్లో ఒడ్డెక్కాలి, లేకపోతే కౌలు ఎట్లా కడతాడు? అతని మీదికి కూలీలను ఉసిగొల్పితే నవ్వుకునేది భూమి గలవాడే. ఈ విషయంలో మా అభిప్రాయం స్పష్టం: మిషనుతో కాదు, మిషను మీద వచ్చే మిగులుతో మనకు తగాదా.

ఆ మిగులు కోసం పట్టుబట్టే చోట్లు ఉన్నాయి. చేను పడిపోయి నీళ్లలో ఉంటే టైరు మిషను దిగదు. చైను మిషనుకు కిరాయి ఎక్కువ, అదీ అన్నిచోట్లా దొరకదు. అప్పుడు కొడవలి పట్టే మనిషే దిక్కు. అట్లాంటి రోజుల్లో ఊరంతా ఒకే రేటు మీద నిలబడిన చోట కూలి పెరిగింది, ముఠా ముఠాకు విడిపోయిన చోట పెరగలేదు. మిషను కోసిన ధాన్యంలో తడి ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే చిక్కు. అందుకే రోడ్ల మీద, కళ్లాల్లో ఆరబోత, తిరగేత, తూర్పార, బస్తాలకెత్తడం కొత్త పనులుగా పుట్టాయి. ఇవి ఆడవాళ్లే చేస్తున్నారు. కోతకు తరతరాలుగా ఒక రేటు, ఒక ఆచారం ఉండేవి. ఆరబోతకు ఆచారం లేదు, ఎవరు ఎంతిస్తే అంత. సీజను మొదలుకాకముందే రేటు తేల్చుకోవలసిన పనుల్లో మొదటిది ఇదే.

మిషను యజమాని గురించి కూడా ఒక మాట. చాలాచోట్ల బయటి రాష్ట్రం మిషను వస్తుంది, ఏజెంటు కమీషను తీసుకుంటాడు, ఊళ్లో పైసా మిగలదు. అమెరికాలో ఇప్పుడు రైతు కొన్న మిషను కూడా పూర్తిగా రైతుది కాదు. లోపల కంప్యూటరు తాళం కంపెనీ చేతిలో ఉంటుంది. ట్రాక్టర్ల రిపేరును తన డీలర్ల చేతిలోనే పెట్టుకుందని జాన్ డీర్ కంపెనీ మీద అక్కడి ప్రభుత్వ సంస్థే 2025 జనవరిలో కోర్టుకెక్కింది. సహకార సంఘం పేర మిషను తీసుకుని కూలీ కుటుంబాల పిల్లలకే నడపడం, రిపేరు చేయడం నేర్పించాలన్న కోరిక మా మహాసభల్లో ఎప్పుడూ ఉండేదే. ఇకమీదట రిపేరు అన్న మాటను దాంట్లో గట్టిగా రాసుకోవాలి.

ఇప్పుడు డ్రోన్ వస్తోంది. పదిహేను వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఆమోదించింది. మందు పిచికారీ పని ఒళ్లు గుల్ల చేసే పని. ఆ విషం పీల్చి ఆసుపత్రుల పాలైన మన మగవాళ్లను మేము చూశాము. ఆ డబ్బా వీపు మీంచి దిగితే సంతోషించేవాళ్లలో మేము ముందుంటాము. అయితే ఆ డబ్బా మోసినవాడికి ఆ రోజు కూలి ఎక్కడి నుంచి వస్తుంది? సంఘం పేర వచ్చిన డ్రోన్ ఎవరింటి కొట్టంలో ఉంటోంది? నడపడానికి శిక్షణకు ఎవరిని పంపారు? ఎకరానికి వసూలుచేసిన డబ్బు ఏ ఖాతాలో పడుతోంది? డ్రోన్ వచ్చిన ప్రతి ఊళ్లో మన కార్యకర్తలు ఈ నాలుగు ప్రశ్నలూ గ్రామసభలో అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకుని మండల కమిటీకి పంపాలి.